నాన్న సీపీయూ విప్పాను, లోపల ఏది ఏమిటో చెప్పండి

కొత్తావకాయ | శనివారం, ఉదయం 10:12

అందరికీ నమస్కారం. ఇక్కడ ఇదే నా మొదటి పోస్టు. కంప్యూటర్ వాడటం వచ్చు గానీ దాని లోపల ఏముంటుందో ఇవాళే చూశాను.

మా నాన్నగారికి రాజమండ్రిలో చిన్న డీటీపీ షాపు ఉండేది. శుభలేఖలు, కరపత్రాలు, దినకర్మ కార్డులు. షాపు మూసేసి నాలుగేళ్లయింది, ఆ కంప్యూటర్ మాత్రం ఇంటికి చేరింది. 2012లో కొన్నది. మొన్నటిదాకా నత్తనడక నడిచినా నడిచింది. ఇప్పుడు స్విచ్ నొక్కితే ఫ్యాన్ తిరుగుతుంది, లైటు వెలుగుతుంది, మానిటర్ మాత్రం "నో సిగ్నల్" అని ఆరిపోతుంది. ఒక షాపుకి తీసుకెళ్తే పావుగంటలో "సీపీయూ పోయిందండీ, రిపేరు దండగ, కొత్తది పద్దెనిమిది వేలు" అన్నారు. నాన్న ఏమీ మాట్లాడలేదు. పదేళ్ల పని అంతా అందులోనే ఉంది.

ఇంటికి తెచ్చి పక్క రేకు విప్పాను. ఫొటో ఎక్కించడం కుదరట్లేదు, మాటల్లో చెప్తాను. పైన వెనకవైపు రంగురంగుల వైర్లు బయటికొచ్చిన ఇనుప పెట్టె. మధ్యలో పెద్ద పచ్చ అట్ట. దాని మీద ఫ్యాన్ బిగించిన అల్యూమినియం ముద్ద. పక్కన నిలబెట్టినట్టు రెండు పొడుగాటి బద్దలు. కింద ముందువైపు ఇటుకలా బరువైన డబ్బా. రూపాయి బిళ్లంత బ్యాటరీ. మిగతాదంతా దుమ్ము.

వీటిలో సీపీయూ ఏది?

పాతసామాను | శనివారం, ఉదయం 10:40

నీ ఆఖరి ప్రశ్నే అసలు ప్రశ్న తల్లీ. మనవాళ్లు డబ్బా మొత్తాన్ని సీపీయూ అంటారు. బిల్లుల్లో కూడా "సీపీయూ సర్వీసింగ్" అనే రాస్తారు. నిజానికి సీపీయూ అంటే ప్రాసెసర్ ఒక్కటే. ఆ అల్యూమినియం ముద్ద కింద అగ్గిపెట్టె కంటే చిన్నగా, చదరంగా ఉంటుంది. నీకు కనపడదు. డబ్బా పేరు క్యాబినెట్.

కాబట్టి "సీపీయూ పోయింది" అంటే ఏది పోయిందని? ప్రాసెసరా? ఇరవై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను, సికింద్రాబాద్‌లో. దానంతటది కాలిపోయిన ప్రాసెసర్లు చేతివేళ్ల మీద లెక్కపెట్టేన్ని చూశాను. దాని చుట్టూ ఉన్నవి పోతాయి.

మిగతావి: రంగు వైర్ల పెట్టె ఎస్‌ఎంపీఎస్. గోడలోంచి వచ్చే 230 వోల్టుల ఏసీ కరెంటుని 12, 5, 3.3 వోల్టుల డీసీగా మార్చి అందరికీ పంచుతుంది. పచ్చ అట్ట మదర్‌బోర్డు. నిలబెట్టిన బద్దలు ర్యామ్. ఇటుక హార్డ్ డిస్క్. నాన్నగారి శుభలేఖలు అందులో ఉన్నాయి, మిగతా ఏది పోయినా అవి పోవు. ముందు ఆయనకి ఈ మాట చెప్పు.

ఇప్పుడు అడుగుతున్నాను. ఆన్ చేసినప్పుడు బీప్ ఏమైనా వస్తోందా?

సీమబిడ్డ_కడప | శనివారం, ఉదయం 10:44

పద్దెనిమిది వేలా! మానిటర్ కేబుల్ సరిగా ఉందో లేదో చూశారా అసలు వాళ్లు?

కొత్తావకాయ | శనివారం, ఉదయం 11:05

కేబుల్ చూశాను, నీలం రంగు మూతి, రెండు పక్కలా మరలు బిగించే ఉన్నాయి. పక్కింటివాళ్ల మానిటర్ పెట్టి చూసినా అంతే. బీప్ ఏమీ రావడం లేదన్నా. హార్డ్ డిస్క్ సంగతి నాన్నకి చెప్పాను. కుర్చీ తెచ్చుకుని పక్కన కూర్చున్నారు.

రిటైర్డ్_లెక్కలమాస్టారు | శనివారం, ఉదయం 11:20

అమ్మాయీ, పేర్లు తెలిస్తే సరిపోదు, ఎవరి పని ఏమిటో తెలియాలి. అందరూ ప్రాసెసర్ మెదడు, అదీ ఇదీ అంటారు. దానివల్ల ఎవరికీ ఏమీ అర్థం కాలేదు ఇప్పటిదాకా. మీ గోదావరి జిల్లాల పెళ్లి వంటలు తలుచుకో.

ప్రాసెసర్ వంటమేస్త్రి. చెయ్యి మహా చురుకు, కానీ జ్ఞాపకం తక్కువ, చేతిలో ఉన్నదే వండుతాడు. ర్యామ్ అంటే పొయ్యి పక్కన వేసిన బల్ల. తరిగిన ముక్కలు, పోపు సామాను దాని మీదే ఉండాలి. హార్డ్ డిస్క్ సామాన్ల గది. అక్కడ బస్తాలు ఎన్నయినా పడతాయి, తేవడానికి మాత్రం మనిషి వెళ్లాలి. కరెంటు పోతే బల్ల మీదవన్నీ నేలపాలు, గదిలోవి పదిలం. అందుకే సేవ్ చెయ్యకుండా లేచిపోయినవాళ్లు తల పట్టుకుంటారు.

లెక్క కూడా చెప్తాను, లేకపోతే నాకు తోచదు. నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్కు ఒక చుట్టుకి 8.33 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. మనకి కావలసిన చోటు సూది కిందికి రావడానికి సగటున అందులో సగం. సూది జరగడానికి పట్టేది వేరే. మొత్తం 12 అనుకో. ర్యామ్‌కి నానోసెకన్లలో (మిల్లీసెకనులో పది లక్షలో వంతు), ఓ వంద చాలు. బల్ల మీద నుంచి తీయడం ఒక సెకను అనుకుంటే, గది నుంచి తేవడానికి 1,20,000 సెకన్లు. అంటే దాదాపు ఒకటిన్నర రోజు! అదే ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేని కొత్తరకం డిస్కు) అయితే పావుగంట, ఇరవై నిమిషాలు. మీ కంప్యూటర్ నత్తనడక వంటమేస్త్రి తప్పు కాదు. బల్ల చిన్నది, గది దూరం.

పాతసామాను | శనివారం, ఉదయం 11:38

మాస్టారూ, ఆ బల్ల ఉదాహరణ ఇకనుంచి నా కస్టమర్లకి చెప్తా.

తల్లీ, బీప్ రావట్లేదంటే రెండు కారణాలు. ఒకటి, బోర్డు నిజంగా పోయి ఉండాలి. రెండు, కూతపెట్టే స్పీకరే లేకపోవాలి. చాలా లోకల్ క్యాబినెట్లలో అది ఉండదు. చిన్న నల్ల గొట్టంలా, రెండు వైర్లతో దొరుకుతుంది. కంప్యూటర్ విడిభాగాల షాపులో అడుగు, పాతికో యాభయ్యో. మదర్‌బోర్డు అంచున "స్పీకర్" అని రాసి ఉన్న నాలుగు పిన్నుల దగ్గర గుచ్చాలి.

తర్వాత చెప్పేది వరసగా చెయ్యి. గోడ దగ్గర ప్లగ్గు పీకెయ్. ప్లగ్గు లేకుండానే పవర్ బటన్ పది సెకన్లు నొక్కిపట్టు, మిగిలిన కరెంటు దిగిపోతుంది. క్యాబినెట్ ఇనుప భాగాన్ని చేత్తో ముట్టుకో, ఒంటి మీద స్థిరవిద్యుత్తు ఉంటే పోతుంది. ర్యామ్ రెండు చివర్లా ఉన్న తెల్ల కొక్కేలు బయటికి నొక్కితే బద్ద పైకి లేస్తుంది. రెండూ తీసెయ్. ఇప్పుడు ర్యామ్ లేకుండా ఆన్ చెయ్.

అప్పుడు గనక కూత వచ్చిందా, ప్రాసెసర్, బోర్డు రెండూ బతికున్నట్టే. "బల్ల ఏదిరా" అని అరుస్తున్నాయన్నమాట.

ఎస్‌ఎంపీఎస్ పెట్టె మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పొద్దు. ప్లగ్గు తీసేసినా లోపలి కెపాసిటర్లలో 300 వోల్టులు కాసేపు నిలబడి ఉంటాయి.

గోంగూర_డాలస్ | శనివారం, మధ్యాహ్నం 12:10

ఎస్‌ఎంపీఎస్ అనగానే నా కథ గుర్తొచ్చింది. 2004లో ఇక్కడినుంచి గుంటూరుకి తమ్ముడి కోసం ఒక డెస్క్‌టాప్ మోసుకొచ్చా. అప్పటి ఎస్‌ఎంపీఎస్‌ల వెనక ఎర్ర స్విచ్ ఉండేది, 115 ఒకవైపు, 230 ఒకవైపు. అమెరికాలో 115 మీద ఉంటుంది కదా, మార్చడం మర్చిపోయా. బంధువులంతా చుట్టూ నిలబడ్డారు, అమ్మ బొట్టు కూడా పెట్టింది. స్విచ్ వేశాను. ఢాం! ఇల్లంతా పొగ. తమ్ముడు ఇప్పటికీ దాన్ని దీపావళి కంప్యూటర్ అంటాడు. కాకపోతే బోర్డుకీ ప్రాసెసర్‌కీ ఏమీ కాలేదు, ఎస్‌ఎంపీఎస్ ఒక్కటే బలైంది.

వరంగల్_పోరడు | శనివారం, మధ్యాహ్నం 12:31

అక్కా, లోపల దుమ్ము కొట్టేటప్పుడు బ్లోయర్ పెడ్తే ఫ్యాన్‌ని వేలుతోటి పట్టుకో. గాలికి గిర్రున తిరిగితే బేరింగ్ ఖరాబైతది. ర్యామ్ కింద బంగారు రంగు పళ్లుంటయ్ కదా, వాటిని పిల్లలు వాడే తెల్ల రబ్బరుతోటి మెల్లగ రుద్దు. నా దోస్తులవి అట్లనే చాలా లేసినయ్.

ఉప్పుగాలి | శనివారం, మధ్యాహ్నం 12:45

రబ్బరు వద్దండీ. పొడి స్లాట్‌లో పడుతుంది, గట్టిగా రుద్దితే పూత పోతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి.

పాతసామాను | శనివారం, మధ్యాహ్నం 12:52

ఇద్దరూ కరెక్టే. ఆల్కహాల్ మేలు. శనివారం మధ్యాహ్నం రాజమండ్రిలో ఆ అమ్మాయి ఆల్కహాల్ కోసం ఎక్కడ తిరుగుతుంది? రబ్బరుతో రెండుసార్లు మెత్తగా రుద్ది, పొడి పోగొట్టి పెట్టమ్మా. నోటితో ఊదకు, తుంపర పడుతుంది. మెత్తటి బ్రష్షుతో దులుపు.

ఉప్పుగాలి | శనివారం, మధ్యాహ్నం 1:03

సరేలెండి. మాది కాకినాడ, సముద్రపు గాలి. ఇక్కడ ర్యామ్ పళ్లు ఆరు నెలలకోసారి తుడవకపోతే నల్లబడతాయి, ఆ బాధతో అన్నాను. ఇంకోటి, వెనక కార్డులు పెట్టే చోట రేకులు ఊడిపోయి ఖాళీలు ఉంటే మూసెయ్యండి. మా క్యాబినెట్‌లో ఆ సందులోంచి దూరిన బల్లి ఎస్‌ఎంపీఎస్ ఫ్యాన్‌లో పడి చచ్చింది. దాంతోపాటు ఎస్‌ఎంపీఎస్ కూడా.

కొత్తావకాయ | శనివారం, సాయంత్రం 5:48

కూసిందీ!!!

స్పీకరు దొరికింది. ర్యామ్ రెండూ తీసేసి ఆన్ చేస్తే పొడుగ్గా కూత, ఆగి మళ్లీ కూత. నాన్న కుర్చీలోంచి లేచిపోయారు.

తర్వాత రబ్బరుతో రుద్ది ఒక్కొక్కటీ పెట్టి చూశాను. ఒక ర్యామ్ పెడితే ఏ స్లాట్‌లోనైనా అదే కూత. రెండోది పెడితే చిన్నగా ఒక్క బీప్, మానిటర్ మీద తెల్ల అక్షరాలు వచ్చాయి! అంటే పోయింది 2 జీబీ బద్ద ఒక్కటే. దీనికి పద్దెనిమిది వేలు!

మధ్యలో ఒక తప్పు చేశాను, చెప్పేస్తాను. దుమ్ము దులిపేటప్పుడు ప్రాసెసర్ దగ్గరున్న నాలుగు రంధ్రాల చిన్న ప్లగ్గు ఊడింది. చూసుకోకుండా ఆన్ చేస్తే ఫ్యాన్ తిరిగింది గానీ చడీచప్పుడు లేదు. గంటసేపు ఏడుపొచ్చింది.

ఇప్పుడు తెర మీద ఇంగ్లిషులో ఏదో "సీమాస్ చెక్‌సమ్ ఎర్రర్" అని, ఎఫ్1 నొక్కమని వస్తోంది. తేదీ 2011 జనవరి 1 చూపిస్తోంది.

పాతసామాను | శనివారం, సాయంత్రం 6:15

శభాష్. ఆ నాలుగు పిన్నులది ప్రాసెసర్‌కి విడిగా 12 వోల్టులు ఇచ్చే ప్లగ్గు. అది లేకపోతే మిగతా బోర్డుకి కరెంటు ఉంటుంది, ఫ్యాన్ తిరుగుతుంది, మేస్త్రికి మాత్రం అన్నం పెట్టనట్టు. ప్రతి మెకానిక్కూ ఒకసారైనా మర్చిపోయినదే అది.

తేదీ పోయిందంటే ఆ రూపాయి బిళ్ల బ్యాటరీ అయిపోయింది. పేరు సీఆర్2032, 3 వోల్టులు, మందుల షాపులో కూడా దొరకొచ్చు, కొన్ని గ్లూకోమీటర్లకి అదే వేస్తారు. ప్లగ్గు పీకి ఉన్నప్పుడు కూడా గడియారం నడిచేది దానితోనే. రాసి ఉన్న వైపు పైకి ఉండాలి.

ఒక జాగ్రత్త. బ్యాటరీ చచ్చినప్పుడు బయోస్ (విండోస్ కంటే ముందు లేచే, బోర్డులోని చిన్న ప్రోగ్రామ్) సెట్టింగులన్నీ మొదటికొస్తాయి. విండోస్ మొదలవుతూనే నీలం తెర వచ్చి మళ్లీ రీస్టార్ట్ అవుతుంటే కంగారుపడి ఫార్మాట్ చెయ్యొద్దు. బయోస్‌లో సాటా (డిస్కుని బోర్డుకి కలిపే తీగ) మోడ్ అని ఉంటుంది, ఐడీఈ, ఏహెచ్‌సీఐ అని రెండు. ఇప్పుడున్నది మార్చి రెండోది పెట్టి చూడు. విండోస్ 7 ఏ మోడ్‌లో ఎక్కించారో అందులోనే లేస్తుంది. ఇది తెలియక ఎందరి డేటానో ఫార్మాట్ చేసేశారు మావాళ్లు.

కొత్తావకాయ | శనివారం, రాత్రి 8:20

సరిగ్గా అదే నీలం తెర వచ్చింది అన్నా. మీరు ముందే చెప్పకపోతే గుండె ఆగేది. ఏహెచ్‌సీఐ పెట్టాను, లేచింది. వాల్‌పేపర్ మీద మా తమ్ముడి అన్నప్రాశన ఫొటో.

కానీ హార్డ్ డిస్క్ దగ్గర టిక్కు... టిక్కు... అని మధ్యమధ్యలో చప్పుడు. ఇంకో చిన్న సంగతి, క్యాబినెట్ ముట్టుకుంటే చెయ్యి జిల్లుమంటోంది.

పాతసామాను | శనివారం, రాత్రి 8:24

టిక్కు వినపడితే మిగతా పనులన్నీ ఆపు. డిస్కుని తెగ తిప్పే పనులేవీ వద్దు. డీఫ్రాగ్ వద్దు, చెక్‌డిస్క్ వద్దు, యాంటీవైరస్ స్కాన్ అసలే వద్దు. నాన్నగారి ఫోల్డర్లు పెన్‌డ్రైవ్‌కో బయటి డిస్కుకో ఇప్పుడే కాపీ చెయ్యి. ముఖ్యమైనవి ముందు, సినిమాలు ఆఖర్న. కాపీ అయ్యేదాకా డబ్బాని కదపొద్దు. తిరిగే పళ్లేనికీ సూదికీ మధ్య వెంట్రుక మందం కూడా ఎడం ఉండదు.

సీమబిడ్డ_కడప | శనివారం, రాత్రి 8:50

జిల్లుమనడం చిన్న సంగతి కాదమ్మా. నేను ఎలక్ట్రీషియన్ని. ఎస్‌ఎంపీఎస్ లోపల కరెంటు శుద్ధి చేయడానికి ఫేజు నుంచీ న్యూట్రల్ నుంచీ క్యాబినెట్ ఇనుముకి చెరో చిన్న కెపాసిటర్ ఉంటుంది. ఎర్తింగ్ బాగుంటే ఆ కాస్త కరెంటు భూమిలోకి పోతుంది. లేకుంటే క్యాబినెట్ మీద వోల్టేజీలో సగం, సుమారు 115 నిలబడి ఉంటుంది. కరెంటు అతి స్వల్పం కాబట్టి జిల్లుమని ఊరుకుంటుంది. కానీ ఎర్తింగ్ లేని ఇంట్లో గ్రైండర్‌లోనో గీజర్‌లోనో నిజంగా వైరు తగిలిన రోజు జిల్లుమనడంతో ఆగదు.

మూడు పిన్నుల ప్లగ్గుని రెండు పిన్నుల బాక్సులో దూర్చారేమో చూడు. అది కాకపోతే పెరట్లో ఎర్త్ గుంత ఎండిపోయి ఉంటుంది. బొగ్గు, ఉప్పు వేసిన గుంతలో వేసవిలో నీళ్లు పొయ్యడం మన ఇళ్లలో ఎవరికీ గుర్తుండదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి కొలిపించు. చెప్పులేసుకుని ముట్టుకుంటే సరిపోతుందని ఎవరన్నా చెప్తే వినొద్దు.

కొత్తావకాయ | శనివారం, రాత్రి 11:40

ఎక్స్‌టెన్షన్ బాక్సు రెండు పిన్నులదే. రేపే మార్పిస్తాను, గుంత కూడా చూపిస్తాను. కాపీ అవుతోంది. 61 జీబీ అయ్యింది. నాన్న నిద్రపోవట్లేదు.

వరంగల్_పోరడు | ఆదివారం, ఉదయం 9:15

అక్కా, కాపీ అయినంక ఎస్‌ఎస్‌డీ వేసి విండోస్ బదులు లినక్స్ ఎక్కియ్, అది ఫ్రీగ దొరుకుతది. విండోస్ 7ని ఎవరూ పట్టించుకుంటలేరు, విండోస్ 10కి కూడా 2025 అక్టోబర్ 14తోటి సపోర్టు బందైంది. 11 దీని మీద అధికారికంగ ఎక్కదు, ఇంటెల్‌ల 8వ తరం నుంచే. లినక్స్ మింట్ అయితే 4 జీబీలనే మంచిగ ఉరుకుతది.

ఉప్పుగాలి | ఆదివారం, ఉదయం 9:30

డీటీపీ మనిషికి లినక్స్ ఏమిటండీ! పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రామ్ ఎలా తెరుస్తారు? అను ఫాంట్లతో కొట్టిన ఫైళ్లు యూనికోడ్ కావు. వేరేచోట తెరిస్తే తెలుగు బదులు అర్థంలేని ఇంగ్లిషు అక్షరాలు కనిపిస్తాయి.

వరంగల్_పోరడు | ఆదివారం, ఉదయం 9:34

అయితే నెట్టు పీకేసి పాత విండోస్ ఉంచున్రి. నెట్టు కోసం లినక్స్ పక్కకి పెట్టుకున్రి. రెండు ఉండొచ్చు కద. ప్రతిదానికి కొట్లాటేనా?

నిర్వాహకులు | ఆదివారం, ఉదయం 9:50

లినక్స్, విండోస్ తగాదాకి వేరే చర్చ ఉంది. ఇక్కడ హార్డ్‌వేర్ మాట్లాడుకుందాం.

కొత్తావకాయ | ఆదివారం, ఉదయం 10:30

శుభలేఖలన్నీ బయటపడ్డాయి!! వెయ్యికి పైనే ఫైళ్లు.

ఎస్‌ఎస్‌డీ కొందామనుకుంటున్నాం. దీని బోర్డు హెచ్61, ప్రాసెసర్ ఐ3-2100. 480 జీబీది చాలా? పాత డిస్కు 500 అంటారు గానీ కంప్యూటర్‌లో 465 చూపిస్తోంది. 35 జీబీ ఎవరు తిన్నారు?

రిటైర్డ్_లెక్కలమాస్టారు | ఆదివారం, ఉదయం 10:52

ఎవరూ తినలేదు. అమ్మేవాడి గిగాబైటు వంద కోట్ల బైట్లు. విండోస్ గిగాబైటు 1024ని మూడుసార్లు హెచ్చవేసినది, 107 కోట్ల పైచిలుకు. 500 వందకోట్లని 107.37 కోట్లతో భాగించు, 465 వస్తుంది. బస్తా ఒకటే, కుంచాలు వేరు. నీ 480ది 447గా కనిపిస్తుంది.

పాతసామాను | ఆదివారం, ఉదయం 11:10

అందుకే 480 కొంటే డిస్కుని ఉన్నదున్నట్టు క్లోన్ చెయ్యలేవు, 465ని 447లో పట్టించాలి. ముందు పార్టిషన్ (డిస్కులో గీసుకున్న భాగం) కుదించాలి, టిక్కుమంటున్న డిస్కు మీద ఆ పని వద్దు. 500ది తీసుకో. అదీ 2.5 అంగుళాల సాటాది. ఎం.2 అని సన్న బద్దలా ఉండేవి చూపిస్తారు, ఈ బోర్డులో వాటికి చోటు లేదు. హెచ్61 సాటా పాతతరం, సెకనుకి 3 గిగాబిట్లే. అయినా పరవాలేదు, మాస్టారు చెప్పిన ఒకటిన్నర రోజు పావుగంట అవడానికి అది చాలు.

ర్యామ్ డీడీఆర్3 డెస్క్‌టాప్‌ది అడుగు. ల్యాప్‌టాప్‌ది పొట్టిగా ఉంటుంది, పట్టదు. డీడీఆర్4కి గాటు వేరేచోట ఉంటుంది, బలవంతంగా దూర్చొద్దు. పాతది చాలు, 4 జీబీవి రెండు. ఇక్కడ సికింద్రాబాద్ కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో బోలెడు దొరుకుతాయి, మీ దగ్గర దొరకకపోతే చెప్పు.

అన్నట్టు ఆ అల్యూమినియం ముద్ద జోలికి వెళ్లకు. వేడి అతిగా చూపిస్తేనే తీయాలి. తీస్తే కింద వేడిని లాగే థర్మల్ పేస్టు పాతది తుడిచి కొత్తది పెసరగింజంత పెట్టాలి. ఒకాయన టూత్‌పేస్టు పెట్టి తెచ్చాడు మా దగ్గరికి. ఎండి సుద్దలా రాలింది.

గోంగూర_డాలస్ | ఆదివారం, మధ్యాహ్నం 12:02

పుదీనా వాసన వచ్చిందా?

కొత్తావకాయ | తర్వాతి శనివారం, సాయంత్రం 6:30

ఆలస్యానికి క్షమించండి. ఎస్‌ఎస్‌డీ, 8 జీబీ ర్యామ్, బ్యాటరీ, మూడు పిన్నుల బాక్సు, స్పీకరు అన్నీ కలిపి ఆ పద్దెనిమిది వేలలో నాలుగో వంతు కూడా కాలేదు. ఎర్త్ గుంతలో నాలుగు బిందెలు పోశాం, జిల్లు పోయింది.

ఇదివరకు స్విచ్ వేసి నాన్న కాఫీ కలుపుకుని వచ్చేవారు, అప్పటికి తెరుచుకునేది. ఇవాళ కూడా అలవాటుగా స్విచ్ వేసి వంటింట్లోకి వెళ్లారు. నేను పిలిచేసరికి గిన్నె ఇంకా పొయ్యి మీద పెట్టలేదు.

వీధిలో వాళ్లమ్మాయి పెళ్లికి శుభలేఖ కొట్టిపెట్టమని ఒకరు అప్పుడే అడిగేశారు. నాన్న మీ అందరికీ ఒక మాట అడగమన్నారు. పాత ర్యామ్ రెండింటిలో పోకుండా మిగిలిన 2 జీబీ బద్ద బాగానే ఉంది, ఎవరికైనా పనికొస్తుందా? కొరియర్ ఖర్చు ఆయనే పెట్టుకుంటారట.

ఉప్పుగాలి | తర్వాతి శనివారం, సాయంత్రం 6:41

నాకండీ! పళ్లు తుడిచే పంపండి.